ఆదిమానవుని యన్వేషకుడు – లూయీ లీకీ

ఆఫ్రికాఖండపు తూర్పుభాగమున ఉత్తరమునుండి దక్షిణమునకు వేలకొలది కిలోమీటర్ల పొడవున ఒక మహాలోయ గలదు. భూమిపొర చీలి నడిమిభాగము క్రుంగిపోవుటచే నేర్పడిన దగుటవలన దీనిని చీలికలోయ యందురు. తుర్కానా, నకూరు, ఎల్మెంటైటా, మగాడి మున్నగు సరస్సులు ఈ లోయలో నున్నవి. దీనికి పడమర సముద్రమువలె విశాలమైన విక్టోరియా సరస్సు గలదు. నేటికిని నీరు నిలిచియున్న సరస్సులు కొన్ని. ఒకప్పుడు నిండుగా నుండి తరువాత నెండి మన్నుగా మిగిలినవి మరికొన్ని. లక్షలాది సంవత్సరములకు పూర్వము మృగములు నీటికై ఈ యొడ్డులకు వచ్చెడివి. వానివలెనే మానవుని పూర్వులును వచ్చెడివారు. వారు విడిచిపోయిన రాతిపనిముట్లును, వారి యెముకలును బురదక్రిందను, అగ్నిపర్వతములు క్రక్కిన బూడిదక్రిందను పడి నిలిచియున్నవి. ఆ మంటిపొరలను పుస్తకమునందలి పుటలవలె చదివి, మానవజాతికి పుట్టినిల్లు ఆఫ్రికాయే యని లోకమును నమ్మించుటకై జీవితమును ధారపోసిన పండితుడు లూయీ లీకీ.

లీకీ 1903 వ సంవత్సరము ఆగష్టు 7 వ తేదీన, నేటి కెన్యాదేశమున నైరోబీ నగరమునకు సమీపమందున్న కబేటే యను గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు ఇంగ్లండునుండి వచ్చిన క్రైస్తవ మతప్రచారకులు. ఆ గ్రామమున నివసించువారు కికూయు జాతివారు. లీకీ ఆడుకొనినది వారి పిల్లలతోడనే. ఇంగ్లీషుతోపాటు ఆతనికి నోట నాడినది కికూయు భాషయే. పదుమూడేండ్ల ప్రాయమున తన యీడు బాలురతోగూడ ఆ జాతివారి యాచారము ననుసరించి దీక్షపొంది, వారి పద్ధతినే తనకొక గుడిసె కట్టుకొనెను. అడవిలో అలికిడి లేకుండ నడచుటయు, గడ్డిలో పడిన జంతువు జాడను కనిపెట్టుటయు, గంటలకొలది కదలక కాచుకొనియుండుటయు ఆతడు కికూయు పెద్దలవద్ద నేర్చుకొనెను. ఏ కళాశాలలోను దొరకని ఈ విద్య తరువాతి కాలమున ఆతనికి మిక్కిలి తోడ్పడెను.

బాల్యమునందే ఆతనికి ఒక పుస్తకము బహుమానముగా వచ్చెను. అది ప్రాచీన శిలాయుగపు మనుష్యులనుగూర్చి బాలురకొరకు వ్రాయబడినది. పూర్వులు చెకుముకిరాతితో బాణపుమొనలును, గొడ్డళ్లును చేసికొనెడివారని దానియందు చదివి, తన యూరి చుట్టుప్రక్కల అట్టివి దొరకునేమో యని లీకీ వెదుకసాగెను. చెకుముకిరాయి ఎట్లుండునో ఆతడెరుగడు. అతనికి దొరకినవి నల్లని గాజువంటి రాతిముక్కలు. అగ్నిపర్వతముల ద్రవము చల్లారగా నేర్పడిన రాయి యది. వానలు వెలసిన పిమ్మట బాటల ప్రక్కన నవి బయటపడుచుండెడివి. దయ్యముల క్షౌరకత్తులని కికూయులు వానిని తాకుటకు జంకెడివారు. ఇతరులు పరిహసించినను లీకీ వానిని ప్రోగుచేసి, నైరోబీ మ్యూజియమునందున్న ఆర్థర్ లవరిడ్జి యను శాస్త్రజ్ఞునికి చూపెను. వానిలో కొన్ని నిజముగా ప్రాచీనమానవుడు చేసిన పనిముట్లే యని ఆయన తేల్చిచెప్పెను. ఆనాడే ఆ బాలుని జీవితమునకు త్రోవ యేర్పడెను.

1922 లో లీకీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. అచట పరీక్షకు రెండు ఆధునిక భాషలు కావలసియుండగా, వానిలో నొకటిగా కికూయును ఎంచుకొనెను. ఆ భాష నెరిగిన పరీక్షకుని వెదకిపట్టుట విశ్వవిద్యాలయమువారికే కష్టమయ్యెను. 1923 లో రగ్బీ యాటలో తలకు దెబ్బతగిలి తీవ్రమైన తలనొప్పి రాగా, ఒక సంవత్సరము చదువు మానవలసినదని వైద్యులు చెప్పిరి. ఆ విరామమును లీకీ వృథాపుచ్చలేదు. బ్రిటిష్ మ్యూజియమువారు టాంగన్యీకాదేశమున పెద్ద రాక్షసబల్లుల శిలాజములను త్రవ్వించుటకు పంపిన బృందమున చేరి, 1924 లో మరల ఆఫ్రికాకు పోయెను. పెళుసైన యెముకను విరుగకుండ వెలికితీయుట ఎట్లో అచట నేర్చుకొనెను. తిరిగివచ్చి 1926 లో ప్రథమశ్రేణిలో పట్టము పొందెను.

ఆ కాలమున మానవుడు ఆసియాఖండముననే పుట్టెనని పండితులలో పెక్కుమంది తలచెడివారు. 1891 లో జావాద్వీపమున ప్రాచీనమానవుని కపాలభాగము దొరకియుండెను. తరువాత చైనాలోను అట్టివి దొరకినవి. ఆఫ్రికాలో వెదకుట కాలహరణమని లీకీతో చెప్పిన పెద్దలు లేకపోలేదు. అయితే మనుష్యునికి మిక్కిలి దగ్గరవైన గొరిల్లా, చింపాంజీలు నివసించునది ఆఫ్రికాయే గనుక మానవుని పూర్వులును అచటనే యుండవచ్చునని 1871 లోనే డార్విన్ ఊహించెను. లీకీకి ఆ యూహయందు దృఢమైన విశ్వాసము గలదు. కాని విశ్వాసము వేరు, సాక్ష్యము వేరు. సాక్ష్యమును సంపాదించుటకై ఆతడు 1926 లో తన బృందముతో స్వదేశమునకు బయలుదేరెను.

మొదటి త్రవ్వకములు నకూరు, ఎల్మెంటైటా సరస్సుల పరిసరములందు సాగెను. ఇప్పటి నీటిమట్టమునకు ఎంతో ఎత్తున, కొండల ప్రక్కన, పాత సరస్సుల యొడ్డుగీతలు లీకీకి కనబడెను. ఒకప్పుడు నీరు అంతవరకు నిండియుండెను గనుక ప్రాచీనుల నివాసములను ఆ యెత్తులందే వెదకవలెనని ఆయన గ్రహించెను. గాంబుల్ గుహలో పొరపొరగా పనిముట్లు లభించెను. 1928-29 సంవత్సరముల యాత్రలో కరియాండుసీ యనుచోట అంతకంటె పురాతనములైన చేతిగొడ్డళ్లు బయల్పడెను.

కరియాండుసీ నేడు ప్రజలు దర్శించు స్థలము. ఎల్మెంటైటా సరస్సునకు చేరువలో నున్న యీ చోట, త్రవ్వినచోటనే చేతిగొడ్డళ్లు పరచినట్లు పడియుండుట యాత్రికులు చూడవచ్చును. వానిలో కొన్ని సాధారణమైన నల్లరాతివి. కొన్ని గాజువలె మెరయు రాతివి. చేతిగొడ్డలికి పిడి లేదు. ఒక రాయిని రెండువైపుల పెచ్చులుగా చెక్కి, ఒక కొన మొనదేరునట్లును, రెండవకొన అరచేతికి పట్టునట్లును చేసిన పనిముట్టు అది. దానితో మృగము చర్మము కోయవచ్చును, మాంసము తరుగవచ్చును, దుంపలు త్రవ్వవచ్చును. ఇట్టి గొడ్డళ్లు మన దేశమునను గలవు. 1863 లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మదరాసు చెంత వానిని కనుగొనెను.

1931 లో లీకీ టాంగన్యీకాలోని ఓల్డువాయి గండికి పోయెను. జర్మను శాస్త్రజ్ఞుడు హాన్స్ రెక్ 1913 లో అచట త్రవ్వి జంతువుల శిలాజములను సేకరించియుండెను గాని, పనిముట్లేవియు ఆయన కంటబడలేదు. ఈసారి రెక్ కూడ లీకీవెంట వచ్చెను. చేరిన ఇరువదినాలుగు గంటలలో చేతిగొడ్డలి చూపెదనని లీకీ ఆయనతో పది పౌనులు పందెము వేసి గెలిచెను. ఐరోపాలో పనిముట్లు చెకుముకిరాతివి గనుక రెక్ వానికొరకే వెదకియుండెను. ఇచటివారు దొరకిన నల్లరాతినే వాడిరి. చిన్ననాడు గాజురాయిని గుర్తించిన కంటికి ఇది కష్టము కాలేదు.

మరుసటి సంవత్సరము లీకీ విక్టోరియా సరస్సు తీరమున కానాం, కాంజేరా యను రెండు స్థలములలో వెదకెను. 1932 మార్చి నెలలో కానాంలో జూమా గిటావు అను పనివాడు ఒక మంటిగడ్డను తెచ్చియిచ్చెను. దానియందు మనుష్యుని దవడముక్క యుండెను. అదే పొరలో ఎన్నడో నశించిన యేనుగుజాతి జంతువు దంతములుండుటచే, ఈ దవడయు అంత ప్రాచీనమైనదని లీకీ నిశ్చయించెను. కాంజేరాలో కపాలపు ముక్కలు దొరకెను. 1933 లో కేంబ్రిడ్జిలో కూడిన పండితుల సభ లీకీ వాదమును చాలవరకు ఆమోదించెను. అప్పటికి ఆయన వయస్సు ఇంచుమించు ముప్పదియేండ్లు. కీర్తి అతివేగముగా వచ్చెను.

కాని లండనులోని పెర్సీ బోస్వెల్ అను భూగర్భశాస్త్రాచార్యునికి ఇది రుచింపలేదు. ఎముక ఎచట దొరకెనో, ఏ పొరలో నుండెనో కండ్లార చూడనిదే నమ్మనని ఆయన పట్టుబట్టెను. ఆ కోరిక న్యాయమైనది. లీకీ ఆయనను కెన్యాకు ఆహ్వానించెను. 1935 జనవరిలో బోస్వెల్ విక్టోరియా సరస్సు తీరమునకు వచ్చెను.

అచట లీకీకి గొప్ప పరాభవము కాచుకొనియుండెను. శిలాజములు దొరకినచోట ఆయన ఇనుపమేకులు పాతించియుండెను. స్థానికులైన జాలరులు తమ పనులకు ఇనుము కావలసి వానిని పెరికికొనిపోయిరి. నడుమ కురిసిన వానలకు గట్లు కొట్టుకొనిపోయి నేల రూపు మారెను. ఆ స్థలముయొక్క సరియైన పటము లేదు. ఆయన ఛాయాచిత్రయంత్రము చెడిపోయియుండుటచే తీసిన చిత్రములు పనికిరాలేదు. ఇతరులు తీసిన చిత్రమొకటి కానాం చిత్రమని లండనులో ప్రదర్శింపబడియుండెను; అది వేరొకచోటిదని ఇప్పుడు బయటపడెను. దవడ దొరకిన చోటు ఇదియే యని వ్రేలు పెట్టి చూపుటకు లీకీకి సాధ్యము కాలేదు.

బోస్వెల్ ఇంగ్లండునకు పోయి, జరిగినదంతయు 1935 మార్చిలో ప్రసిద్ధ శాస్త్రపత్రికయందు ప్రకటించెను. లీకీ కపటియని ఎవ్వరును నిరూపింపలేదు. కాని అజాగ్రత్తపరుడను మాట నిలిచిపోయెను. కేంబ్రిడ్జిలో ఉద్యోగము దొరకు నాశ సన్నగిల్లెను. శాస్త్రమునందు ఒక్కసారి పోయిన విశ్వాసమును తిరిగి పొందుట మిక్కిలి కష్టము. తరువాతి పరిశోధనలనుబట్టి చూడగా కానాం దవడగాని, కాంజేరా కపాలములుగాని లీకీ తలచినంత ప్రాచీనములు కావని తేలెను. అయితే విధివిచిత్రమేమనగా, ఆ కాంజేరాలోనే వేరొక భాగమున, లీకీ గతించిన చాలకాలమునకు, సుమారు 20 లక్షల యేండ్లనాటి రాతిపనిముట్లు దొరకినవి. వెదకినచోటు సరియైనదే, సాక్ష్యము చూపిన తీరు సరికాలేదు.

లీకీ మొదట 1928 లో ఫ్రీడా యను నామెను వివాహమాడెను. ఓల్డువాయిలోని ఒక గండికి ఆమె పేరే పెట్టబడినది. ఆ వివాహము విచ్ఛిన్నమైన పిదప, 1936 లో మేరీ నికోల్ అను నామెను పెండ్లాడెను. మేరీ క్రమముగా పాఠశాలలో చదువుకొనిన యువతి కాదు. కాని రాతిపనిముట్లను ఉన్నవి ఉన్నట్లు చిత్రించుటలో అసమానురాలు. లీకీ తొందరపాటు గలవాడు; ఒక్క వస్తువును చూచి పది యూహలు చేయువాడు. మేరీ కొలువక మాటాడదు. గుర్తింపక వస్తువును కదల్పదు. ఒకరి లోపమును మరొకరు పూరించిరి. కికూయు జాతీయుడైన హెసెలాన్ ముకిరి మొదలగువారు చిరకాలము వారికి తోడుగా నిలిచి, ఎన్నో శిలాజములను తమ తీక్ష్ణదృష్టిచే కనిపెట్టిరి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున లీకీ ప్రభుత్వకార్యములు చేయుచు, నైరోబీ మ్యూజియము పనినిగూడ చూచుచుండెను. సెలవుదినములందు భార్యాభర్తలు త్రవ్వకములకు పోవుచుండిరి. 1942 లో నైరోబీకి నైరృతిదిశగా మగాడి సరస్సునకు పోవు మార్గమున ఓలోర్గెసైలీ యనుచోట వారు వెదకుచుండిరి. ఒకప్పుడు అదియు సరస్సే. ఇప్పుడు తెల్లని మన్ను మాత్రమే మిగిలియున్నది. ఇద్దరును విడివిడిగా నడచుచు, ఇంచుమించు ఒకే సమయమున ఒకరినొకరు పిలుచుకొనిరి. ఇరువురి యెదుటను వందలకొలది చేతిగొడ్డళ్లు నేలపై రాశులుగా పడియుండెను.

వానిని ఏరి పెట్టెలలో నింపి నైరోబీకి పంపుట సులభమే. లీకీ దంపతు లట్లు చేయలేదు. ప్రాచీనుడు విడిచినచోటనే గొడ్డలిని విడిచి, చూడవచ్చినవారు త్రొక్కకుండ పైన కొయ్యవంతెనవంటి నడకదారిని కట్టించిరి. 1947 జనవరిలో ఆఫ్రికా ప్రాక్చరిత్ర పండితుల మొదటి మహాసభ లీకీ ప్రయత్నమున నైరోబీలో జరిగెను. పలుదేశముల ప్రతినిధులు ఓలోర్గెసైలీకి పోయి స్వయముగా చూచిరి. పండ్రెండేండ్లక్రితము ఒక సరస్సుతీరమున స్థలము చూపలేక తలవంచుకొనిన మనుష్యుడు, ఇప్పుడు మరియొక సరస్సుతీరమున ప్రతిరాతిని దాని చోటులోనే చూపగలిగెను.

1948 లో విక్టోరియా సరస్సునందలి రుసింగా ద్వీపమున మేరీకి ఒక పురాతన వానరజాతి కపాలము దొరకెను. పెక్కు ముక్కలను ఆమె ఓపికతో అతికించెను. అది సుమారు 1 కోటి 80 లక్షల యేండ్లనాటిది. ఈ లాభముచే ఛార్లెస్ బోయిస్ అను ధనికుడు సంతసించి, త్రవ్వకములకు ధనసాహాయ్యము చేసెను.

అయినను లీకీ మనస్సు ఓల్డువాయిమీదనే యుండెను. ఈ గండి సుమారు 90 మీటర్ల లోతైనది. దాని గోడలలో పొరమీద పొరగా 20 లక్షల యేండ్ల చరిత్ర కనబడును. అచట నీరు దుర్లభము. ఖడ్గమృగములు పొరలిన మడుగు నీటినే వడగట్టి త్రాగిన దినములును గలవు. పనిముట్లు వేలకొలది దొరకినవి. వానిని చేసినవాడు మాత్రము దొరకలేదు. మొదట వచ్చిన నాటినుండి ఇరువదియెనిమిది సంవత్సరములు గడచిపోయెను.

1959 వ సంవత్సరము జూలై 17 వ తేదీన లీకీ జ్వరముతో గుడారమున పడియుండెను. మేరీ తన కుక్కలను వెంటబెట్టుకొని, ఫ్రీడా పేరు పెట్టిన గండివద్దకు ఒంటరిగా పోయెను. ఆ వాలుపై కపాలపుటెముక కొంచెము బయటికి కనబడుచుండెను. దగ్గరకు పోయి మన్ను తుడిచి చూడగా రెండు పెద్ద దంతములు దవడలో నమరియుండెను. ఆమె వెంటనే విడిదికి వచ్చి భర్తకు చెప్పెను. లీకీ జ్వరమును మరచి లేచి పరుగిడెను.

ఇచటనే లీకీ నేర్చిన గుణపాఠము వెల్లడియైనది. ఇరువదియెనిమిదేండ్లు ఎదురుచూచిన వస్తువు చేతికందునంత దూరములో నున్నది. అయినను వారు దానిని వెంటనే పెకలింపలేదు. రాళ్లు కప్పి కాపాడి, త్రవ్వకమును చలనచిత్రముగా తీయుటకు రావలసిన ఛాయాగ్రాహకుడు డెస్ బార్ట్‌లెట్ వచ్చువరకు నిరీక్షించిరి. ఆయన వచ్చిన పిమ్మటనే, ప్రతిపనియు చిత్రములో నెక్కుచుండగా, త్రవ్వకము సాగించిరి. మంటిని జల్లెడపట్టి సుమారు 400 ముక్కలను ఏరి, మేరీ వానిని కూర్చగా ఒక కపాలము రూపొందెను. దానికి తమకు తోడ్పడిన బోయిస్ పేరు కలియునట్లు జింజాంత్రోపస్ బోయిసీ యని పేరిడిరి. నేటి శాస్త్రజ్ఞులు దీనిని పరాంత్రోపస్ బోయిసీ యందురు. ఈసారి ఎముక ఎచట దొరకినదని అడుగవలసిన పని ఎవ్వరికిని లేకపోయెను.

1961 లో ఆ పొరయందలి అగ్నిపర్వతపు బూడిదను పరీక్షించి కాలము కట్టిరి. బూడిదలోని పొటాషియమునందు ఒక భాగము కాలక్రమమున ఆర్గాన్ వాయువుగా మారును. ఆ వాయువెంత చేరినదో కొలిచినచో, ఆ బూడిద పడి యెంతకాలమైనదో తెలియును. లీకీ ఆ కపాలము 6 లక్షల యేండ్లనాటిదని తలచియుండగా, అది సుమారు 17 లక్షల 50 వేల యేండ్లనాటిదని తేలెను. పండితలోకము నివ్వెరపోయెను. ఆ కాలమున ఓల్డువాయియు ఒక సరస్సుతీరమే యని అచటి మంటిపొరలు చెప్పుచున్నవి.

పనిముట్లు చేసినవాడు ఈతడే యని లీకీ మొదట ప్రకటించెను. కాని 1960 నుండి అదే ప్రదేశమున ఇంకను పెద్దమెదడు గల మరియొక జాతి యెముకలు దొరకెను. అప్పుడు లీకీ తన పూర్వపు మాటను పట్టుకొని వ్రేలాడలేదు. పనిముట్లు చేసినవారు ఈ రెండవజాతివారని 1964 లో ఇరువురు సహచరులతో గూడి ప్రకటించి, వారికి హోమో హాబిలిస్, అనగా నేర్పరియైన మానవుడు, అని పేరు పెట్టెను. ఈ పేరునుగూర్చి పండితులలో వాదములు చాలకాలము సాగినవి.

ఎముకలు నడవడిని చెప్పజాలవు గనుక సజీవములైన వానరములనుగూడ పరిశీలింపవలెనని లీకీ భావించెను. ఆయన ప్రోత్సాహముననే 1960 లో జేన్ గుడాల్ టాంగన్యీకా సరస్సుతీరమందలి గోంబే యడవికి పోయి చింపాంజీలను పరిశీలించెను. తరువాత డయాన్ ఫాసీ గొరిల్లాలను, బిరూటే గాల్డికాస్ ఒరాంగుటాన్లను పరిశీలించుటకు ఆయనయే తోడ్పడెను. ఈ మువ్వురు స్త్రీలును లోకప్రసిద్ధులైరి.

లీకీ దోషరహితుడు కాడు. ఆయన చెప్పిన సిద్ధాంతములలో కొన్ని నిలువలేదు. 1950 తరువాతి దశకమున కికూయులు బ్రిటిష్‌వారిపై తిరుగబడినపుడు, తాను వారిలో నొకడనని చెప్పుకొనియు, ప్రభుత్వపక్షముననే పనిచేసెను. అయినను 1963 లో కెన్యా స్వతంత్రమైన పిమ్మట దేశమును విడువక అచటనే నిలిచెను.

1972 సెప్టెంబరు చివర, ఆయన కుమారుడు రిచర్డ్ ఒక కపాలమును నైరోబీకి తెచ్చి తండ్రికి చూపెను. దానిని బెర్నార్డ్ న్గెనియో యను కెన్యా దేశీయుడు నేడు తుర్కానా యనబడు సరస్సునకు తూర్పుగా కనుగొనెను. దాని పెద్ద మెదడుగూడు లీకీ చిరకాలవిశ్వాసమునకు బలము చేకూర్చెను. తండ్రీకొడుకుల నడుమ నుండిన భేదములు ఆనాడు మరపునకు వచ్చినవి. కొలదిదినములకే లండనులో, అక్టోబరు 1 వ తేదీన, లీకీ గుండెపోటుతో పరమపదించెను. ఆయన దేహమును లిమూరులో తల్లిదండ్రుల సమాధులచెంత ఖననము చేసిరి. మేరీ తన పని మానక, 1978 లో లయెటోలీ యనుచోట 36 లక్షల యేండ్లనాటి పాదముద్రలను వెలికితీసి, 1996 లో గతించెను.

మానవుని జన్మభూమి ఆఫ్రికాయే యని నేడు శాస్త్రజ్ఞులెల్లరు అంగీకరించుచున్నారు. లీకీ యౌవనమున చేసిన వాదమే ఇది. కాని వాదము నిజమైనంతమాత్రమున చాలదు. నిజమును ఇతరులు పరీక్షించి చూచుకొనునట్లు నిలుపవలెను. కానాంలో ఒక మేకు పోయినందున ఆయన కీర్తి పోయెను. ఓల్డువాయిలో రెండు దినము లోర్చినందున ఆ కీర్తి మరలివచ్చెను. పరాభవము పొందినపుడు పని విడిచినవారు చాలమంది గలరు. లోపమును దిద్దుకొని, మరల నదే నేలను త్రవ్వినవాడు లీకీ. చదువుకొను బాలబాలికలు ఆయన జీవితమునుండి ముఖ్యముగా గ్రహింపదగిన దిదియే.